రాతి మీద పాచి, వాము ఘాటు

గుడి ప్రహరీ అయినా, బోరు దగ్గర సిమెంటు తొట్టి అయినా వానాకాలం దాటేసరికి పచ్చగా పాచి పట్టేస్తుంది. బ్లీచింగ్ చల్లి చీపురుతో రుద్దేస్తాం, పని అయిపోతుంది. అదే పాచి వేల ఏళ్ల నాటి బొమ్మ మీద పడితే ఏం చేయాలి? దీని వెనక పెద్ద చరిత్రే ఉందండి. మందు కొట్టీ కొట్టీ విసిగిపోయిన మనకి తేలిగ్గా అర్థమయ్యే చరిత్ర.

ఫ్రాన్స్‌లో లాస్కో అనే గుహ ఉంది. 1940లో నలుగురు కుర్రాళ్ల కంట పడింది. లోపల గోడల నిండా ఎద్దులు, గుర్రాలు, దుప్పుల బొమ్మలు. ఆదిమానవుడు వేసినవి. 1948లో జనానికి తెరిచారు. రోజుకి వెయ్యి మందికి పైగా వచ్చేవారు. లోపల లైట్లు పెట్టారు, జనం ఊపిరికి తేమ, వేడి పెరిగాయి. వెలుతురు, తడి దొరికితే పాచికి ఇంకేం కావాలి! 1960 నాటికి గోడల మీద పచ్చ మచ్చలు కనిపించాయి. 1963లో గుహ మూసేసి, ఫార్మలిన్, యాంటీబయాటిక్ మందులు పిచికారీ చేశారు. పాచి పోయింది.

అసలు కథ ఆ తర్వాతే. 2001లో అదే గుహలో తెల్ల బూజు లేచింది. పేరు ఫ్యుజేరియం. మన కందికీ శనగకీ ఎండు తెగులు తెచ్చేది ఆ జాతి బూజే. మళ్లీ మందులు, నేల మీద పొడి సున్నం. అది తగ్గాక నల్ల మచ్చలు మొదలయ్యాయి. శాస్త్రవేత్తలు పరీక్ష చేస్తే, ఏళ్ల తరబడి కొట్టిన మందుల్ని తట్టుకునే బాక్టీరియాలే అక్కడ ఎక్కువగా ఉన్నాయని తేలింది. పత్తిలో పురుగు సంగతి చూసినవాళ్లకి ఇది వింతేం కాదు. ఈ రోజుకీ ఆ గుహలోకి మామూలు జనానికి ప్రవేశం లేదు. పక్కన కట్టిన నకలు గుహ చూసి వెళ్తారు.

మనవాళ్లకీ ఇలాంటి అనుభవం ఉంది. కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్‌లో 1986 నుంచి 1993 దాకా మన పురావస్తు శాఖ పనిచేసింది. అమ్మోనియా కలిపిన నీళ్లతో, బ్రష్షులతో పాచి కడిగి, పైన బూజు మందు పూశారు. చెక్కడాలు అరిగిపోతున్నాయని బయటి దేశాల నుంచి విమర్శలొచ్చాయి. కానీ అక్కడ ఇంకా యుద్ధం నడుస్తున్న రోజుల్లో ముందుకొచ్చిన కొద్ది దేశాల్లో మనది ఒకటి. అదీ చెప్పుకోవాలి.

ఇక నూనెల దగ్గరికొద్దాం. ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. రెండు వేల ఏళ్ల కిందట విట్రూవియస్ అనే రోము వాస్తుశిల్పి, కట్టడాల మీద రాసిన పుస్తకంలోనే, దేవదారు జాతి చెట్ల నూనె పూస్తే పురుగు పట్టదని రాశాడు. మన దగ్గర తాటాకు గ్రంథాలకి నిమ్మగడ్డి నూనె పూయడం ఇప్పటికీ ఉంది. రాతికి ఈ పద్ధతి గట్టిగా పరీక్షించిన చోట్లలో వాటికన్ ఒకటి. అక్కడి తోటల్లో ఆరుబయట ఉన్న రాతి విగ్రహాలకి పాచి పడుతుంటే, రసాయనాల బదులు ఒరెగానో, థైమ్ మొక్కల నూనెలు వాడి చూశారు. పనిచేసే మనుషుల ఆరోగ్యం, తోటలోని చెట్టూ చేమా పాడవకూడదన్నది వాళ్ల లెక్క.

థైమ్ మనకి కొత్త పేరే గానీ దాని ఘాటు కొత్త కాదు. అందులో ఉండే థైమాల్ మన వాములోనూ ఉంది. ఇది పాచి కణం పైపొరని దెబ్బతీస్తుంది, లోపలి సారం కారిపోయి కణం చస్తుంది. లవంగంలో యూజినాల్, నిమ్మగడ్డిలో సిట్రాల్ కూడా సూక్ష్మజీవుల్ని చంపే రకమే.

ఇది విని రేపే నిమ్మగడ్డికి పెద్ద గిరాకీ వస్తుందని ఎవరైనా పిలకలు అంటగట్టడానికొస్తే మాత్రం ఒకసారి ఆగండి. ఈ నూనెలు ఆవిరైపోతాయి. ఎండా వానా తగిలే గోడకి మళ్లీ మళ్లీ పూయాలి. ఖరీదూ ఎక్కువే. పైగా నీళ్లు కారే చోటు బాగుచేయకుండా ఏది పూసినా పాచి తిరిగొస్తుంది. మామూలు గోడకి మన పెద్దలు ఏటా కొట్టే సున్నమే చవక, దాని క్షారానికి పాచి అంత తేలిగ్గా పట్టదు. చెక్కడం మీదా బొమ్మ మీదా సున్నం కొట్టలేం కదా, నూనెల అవసరం అక్కడే వస్తుంది.