యముడి వేషం – ఆరడుగుల ఎడం

ఉగాది సంచికలో యముడి ప్రసక్తి తేవడం అశుభమని పెద్దలు కొందరు నొసలు చిట్లించవచ్చు. వారికి నా మనవి ఒకటే. మనం మార్కండేయుడి సంతతివాళ్ళమని చెప్పుకునే జాతి. పదహారేళ్ళకే ఆయువు తీరిన కుర్రవాడు, యమపాశం మెడమీద పడ్డాక కూడా బతికి బయటపడ్డ కథ మన కులపురాణం. అది వింటూ పెరిగిన దాజీ పేట్ వాళ్ళు యముడి పేరుకే జంకితే ఎట్లా? పైగా నేను చెప్పబోయే సంగతికీ ఉగాదికీ దగ్గరి చుట్టరికమే వుంది.

2020 మార్చి 25 బుధవారం, శార్వరి నామ సంవత్సర ఉగాది. ఆ అర్ధరాత్రి నుంచే దేశమంతటికీ లాక్‌డౌన్ వచ్చిపడింది. మహారాష్ట్రలో అంతకు రెండురోజుల ముందే కర్ఫ్యూ పెట్టారు. శార్వరి అంటే రాత్రి. అరవై ఏళ్ళ వరుసలో దాని వంతు వచ్చిందే తప్ప ఎవరూ ఏరి పెట్టిన పేరు కాదు. అయినా పంచాంగ శ్రవణానికి గుడికి పోయే వీలులేక, ఇంట్లోనే వేపపువ్వు పచ్చడి నోట వేసుకొని కూర్చున్నవాళ్ళకు ఆ పేరు కావాలని పెట్టినట్టే తోచింది.

దాజీ పేట్ లో మార్పు మొదట చెవికి తెలిసింది. సాంచాలు ఆగిపోయాయి. పరవూరివాడికి సాంచాల మోతలో నిద్ర పట్టదు. మన పేటల్లో పుట్టినవాడికి ఆ మోత ఆగితే మెలకువ వస్తుంది. ఏప్రిల్ 12 న షోలాపూర్ లో మొదటి కేసు బయటపడింది. ఎక్కడయ్యా అంటే తెలంగీ పాచ్ఛా పేట్ లో. తెలంగీ అంటే మనమే గదా! మనిషికీ మనిషికీ ఆరడుగుల ఎడం వుండాలని చెప్పారు. ముందుగదిలో మగ్గమో సాంచానో, వెనుకగదిలో పొయ్యి, మధ్యన వున్న జాగాలో చేటలు పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవాళ్ళు, వాళ్ళ మధ్యనే పిల్లలు, ముసలివాళ్ళు. ఈ ఇంట్లో ఆరడుగులు కొలవాలంటే సగంమంది వీధిలో నిలబడాలి. వీధిలో నిలబడితే కర్ఫ్యూ. ఎవరూ రాయకుండానే అప్పటికే ఒక నాటకం మొదలయిందనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఇటువంటి నాటకం మన ఊరికి కొత్త కాదు. 1876 నాటి కరువు నుంచీ ఆ తరువాత చాలాకాలం తెలంగాణం నుంచి మన సాలెవారు బతుకుతెరువు వెతుక్కుంటూ ఇటు వలస వచ్చారు. 1877 లో ఇక్కడ మొదటి నూలుమిల్లు, ఇప్పటికీ పెద్దలు జూనీ గిర్ణీ అనేది, వెలిసింది. పందొమ్మిదో శతాబ్ది ముగిసేముందు బొంబాయి నుంచి ప్లేగు దిగింది. 1896 లో అక్కడ కనబడ్డ రోగం చూస్తుండగానే దక్కనంతా పాకింది. జనం ఇళ్ళు విడిచి ఊరి బయట పొలాల్లో గుడిసెలు వేసుకున్నారు. 1897 ఫిబ్రవరిలో సర్కారువారు అంటురోగాల చట్టం చేశారు. పుణ్యపట్టణంలో సిపాయీలు గడప దాటి లోపలికి వచ్చి రోగుల కోసం ఇల్లిల్లూ గాలించారు. ఆ కోపం ఆ ఏడు జూన్ లో ప్లేగు అధికారి ర్యాండ్ హత్యదాకా పోయింది. నూట ఇరవై మూడేళ్ళ తరువాత, 2020 మార్చిలో, మహారాష్ట్ర ప్రభుత్వం బయటకు తీసిందీ ఆ 1897 చట్టాన్నే. మన పాత ట్రంకుపెట్టెల్లో తాతలనాటి కాగితాలు దొరికినట్టు సర్కారు పెట్టెలో అది దొరికింది.

ఇక నాటకాల సంగతి. ఆ ఏడాది నాటకరంగానికి పట్టిన దశ ప్రపంచమంతటా ఒకటే. బెర్లిన్ లో బ్రెహ్ట్ స్థాపించిన నాటకశాలవారు దాదాపు ఏడువందల కుర్చీలలో ఐదువందల దాకా పీకివేసి, మిగిలినవాటిని ఒంటరిగా, జంటలుగా నిలిపారు. ఆ ఫోటో చూస్తే పళ్ళూడిన నోరు జ్ఞాపకం వస్తుంది. బార్సిలోనా సంగీతశాలవారు ఇంకా ముందుకు పోయారు. 2020 జూన్ 22 న మనుషులు ఒక్కరూ లేకుండా, 2,292 కుర్చీలలో 2,292 మొక్కలను కూర్చోబెట్టి కచేరీ చేశారు. మొక్కలు చప్పట్లు కొట్టవు, మధ్యలో లేచిపోవు, దగ్గవు. మంచి ప్రేక్షకులే. కాని హాస్యనాటకం వాటి ముందు ఆడి చూడమనండి! నవ్వు ఒకరినుంచి ఒకరికి అంటుకునేది. పక్కవాడి భుజం కదిలితే మన భుజం కదులుతుంది. అంటురోగంలాగే అది కూడా దగ్గరితనాన్ని కోరుతుంది. చావును గురించి నవ్వవలసి వచ్చినప్పుడు మరీను. ఒంటరిగా కూర్చున్నవాడు చావును చూసి నవ్వడు.

మన మరాఠీ ఇరుగుపొరుగువారికి కూడా ఆ వసంతం అచ్చిరాలేదు. నూరవ నాట్య సమ్మేళనం ఆ నెలలో జరగవలసింది వాయిదాపడి, చివరకు 2024 జనవరిలో జరిగింది. దానికి ఎన్నికైన అధ్యక్షులు జబ్బార్ పటేల్ గారు మన షోలాపూర్ లో చదువుకున్నవారే. 1972 లో ఆయన దర్శకత్వం వహించిన తెండూల్కర్ నాటకం ‘ఘాశీరామ్ కొత్వాల్’ చూసినవారికి ఒక దృశ్యం మరపురాదు. నటులు భుజం భుజం కలిపి వరుసగా నిలబడి ఒక గోడ అవుతారు. ఆ మనుషుల గోడే తెర. అదే ఊగుతుంది, పాడుతుంది, తెరుచుకుంటుంది, వెనుక జరిగే ఘోరాన్ని కప్పిపెడుతుంది. నవ్వుతున్న మనిషికి నవ్వుతూ వుండగానే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ నాటకాన్ని ఆరడుగుల ఎడంలో ఆడండి చూద్దాం! గోడ పోయి కంచె మిగులుతుంది. కంచె సందుల్లోంచి అంతా కనబడిపోతుంది. ఆ ఏడు నవంబరు 5 నుంచి నాటకశాలలు సగం కుర్చీలతో తెరవవచ్చునన్నారు. మరుసటి ఏప్రిల్ లో మళ్ళీ మూతపడ్డాయి. 2021 అక్టోబరు 22 న మళ్ళీ తెరిచారు, అప్పుడూ సగం కుర్చీలే.

అయితే కుర్చీలూ తెరలూ లేకముందు మనకు నాటకం లేదా? వుంది. పైగా అది ఇటువంటి కాలానికి కుట్టించినట్టు సరిపోయేది. పగటివేషగాడు ప్రేక్షకులను తన దగ్గరకు పిలవడు, తానే వాళ్ళ గడప ముందుకు వస్తాడు. ఇంటివారు అరుగుమీద, వేషగాడు వీధిలో. సోమయాజులూ సోమిదేవమ్మా ఇంటి ముందుకొచ్చి పోట్లాడుకుంటారు; పిట్టలదొర లేని జాగీర్ల లెక్కలు అప్పజెబుతాడు. ఎడం వుండనే వుంది, ఆట సాగిపోతుంది. తెలంగాణంలో పద్మశాలీలను ఆశ్రయించిన కూనపులివారి సంగతీ అంతే. చేర్యాల నకాషీలు గుడ్డకు గంజీ, సుద్దా, చింతగింజల జిగురూ పూసి, దానిమీద బొమ్మలు వేసి ఇచ్చిన నిడుపాటి పటాన్ని వేలాడదీసి, బొమ్మ వెంట బొమ్మ చూపుతూ మార్కండేయ పురాణం, భావనాఋషి కథ చెబుతారు. పటంలో యముడు దున్నపోతు మీద వస్తాడు. కథ చివరకు శివుడి కాలితన్ను తిని పడతాడు. నేతగాడి ఇంటి ముందు, నేసిన గుడ్డమీదనే మృత్యువు ఓడిపోతుంది. ఇంతకు మించిన రంగస్థలం మనకు ఎవరు కట్టి ఇవ్వగలరు?

2020 లో ఆ పాత పద్ధతి నిజంగానే వీధికెక్కింది. అయితే వేరే చేతిలో. లాక్‌డౌన్ తొలిరోజుల్లో అప్పటి కర్నూలు జిల్లా డోన్ లో పోలీసువారు కళాకారులకు యముడి వేషం, చిత్రగుప్తుడి వేషం కట్టించి వీధిలోకి దింపారు. ఇల్లు దాటి బయటకు వస్తే మీ పేరు మా చిట్టాలో వుందని బెదిరింపు. చెన్నైలో పోలీసు అధికారి కరోనా ఆకారంలో ముళ్ళు ముళ్ళుగా వున్న టోపీ పెట్టుకొని దారిన పోయేవారిని ఆపాడు. తక్కిన రాష్ట్రాల్లోనూ యముళ్ళు బయలుదేరారు. వారి ఉద్దేశం మంచిదే. జనం నవ్వారు, కొందరు ఇళ్ళలోకి పోయారు కూడా. నాటకం అనే మాటకు అర్థం తెలిసినవారెవరూ దాన్ని నాటకం కాదనలేరు. చీకటి హాస్యం వుంది, పాత్రలున్నాయి, వీధి వుంది, ఎడం వుంది.

కాని మార్కండేయుడి సంతతివారిగా మనం ఒక సంగతి గమనించాలి. మన యముడు ఓడిపోయే యముడు. 1960 లో వచ్చిన ‘దేవాంతకుడు’ చిత్రంలోనూ, 1977 నాటి ‘యమగోల’లోనూ భూలోకపు మానవుడు పోయి యమలోకాన్ని తారుమారు చేస్తాడు, ‘యమగోల’లో యమభటులకే సమ్మె నేర్పుతాడు. మిల్లు సమ్మెలు చూసిన షోలాపూర్ వాళ్ళకు ఆ హాస్యం ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. కూనపులి పటం నుంచి కైకాల సత్యనారాయణ గారి కిరీటం దాకా యముడు మనకు భయపెట్టి, భంగపడి, నవ్వించి పోయేవాడు. డోన్ వీధిలో యముడు సర్కారు పక్షాన నిలిచాడు. అక్కడ అతడు ఓడిపోయే రంగమే లేదు. లాఠీ పక్కన పాశం. ఇంట్లో వుండమన్నది మంచి మాటే. ఆ ఇల్లు ఒకటిన్నర గదీ, ఆ గదిలో ఆగిపోయిన సాంచా అయినవాడికి మాత్రం ఆ యముడిని చూస్తే సగమే నవ్వు వస్తుంది. వారం కూలి పోయినవాడిని ఆకలి అనే ఇంకో యముడు ఇంటి లోపలే పట్టుకొని కూర్చున్నాడు. అతడికి వేషం కట్టించినవారు లేరు.

ఇంకొకటి. మార్కండేయుడు ఎట్లా బతికాడు? పరుగెత్తి కాదు, దాక్కొని కాదు. శివలింగాన్ని రెండు చేతులా కౌగిలించుకొని బతికాడు. యముడేమో దూరాన నిలబడి పాశం విసిరాడు. అంటే మన కథలో ఎడం పాటించినవాడు యముడు, కౌగిలించుకున్నవాడు భక్తుడు. 2020 వచ్చి దాన్ని తలకిందులు చేసింది. కౌగిలి మృత్యువయింది, ఎడం రక్షణ అయింది. ఆ సంవత్సరం ఎవరైనా మార్కండేయ నాటకం నిబంధనల ప్రకారం ఆడివుంటే, బాలుడు లింగానికి ఆరడుగుల దూరాన నిలబడి చేతులు చాచి ఏడవవలసింది. ఇది చదివి నవ్వు వస్తే నవ్వండి. నాకూ మొదట నవ్వే వచ్చింది. తరువాత ఆ రెండేళ్ళలో పోయినవారు జ్ఞాపకం వచ్చారు. మోయడానికి నలుగురు రాని పాడెలు, దూరం నుంచే పెట్టిన నమస్కారాలు, చివరిసారి చేయి పట్టుకోలేకపోయిన కొడుకులు, కూతుళ్ళు. వారికి ఆ నాటకంలోని బాలుడెవరో వేరే చెప్పనవసరం లేదు.

షోలాపూర్ పద్మశాలీలకు శ్రావణ పౌర్ణమి మార్కండేయుడి పండుగ, రథం ఊరేగే రోజు. 2020 లో అది ఆగస్టు 3 న వచ్చింది. ఊరేగింపులకు అనుమతి లేదు. అంతకుముందు జూలైలో పట్టణానికి మరోసారి పదిరోజుల కట్టుదిట్టమయిన లాక్‌డౌన్ కూడా అయింది. ఏటా రథాన్ని చూడడానికి జనం దారి పొడుగునా నిలబడతారు. ఆ ఏడు నిలబడవలసిన చోట్లు మాత్రమే వున్నాయి. బార్సిలోనా వారికి తట్టినట్టు మొక్కలు పెడదామన్న ఆలోచన మనవాళ్ళకు రాలేదు. వచ్చినా అన్ని మొక్కలు మన పేటల్లో ఎక్కడివి?

శార్వరి తరువాత ప్లవ వచ్చింది, పోయింది. రెండేళ్ళ నిర్బంధాలన్నీ ఎత్తివేస్తున్నామని మహారాష్ట్ర ప్రభుత్వం 2022 మార్చి 31 న ప్రకటించింది. మాస్కు కూడా ఇష్టమైతేనే అన్నారు. ఏప్రిల్ 2 శుభకృత్ ఉగాది. ఒక ఉగాదినాడు పడిన తెర మరో ఉగాది ముంగిట లేచింది.

మన సంఘంవారికి ఒక సూచన చేసి విరమిస్తాను. ఉగాది వేదికమీద పాటలూ, బహుమతి ప్రదానాలూ ఏటా వున్నవే. ఈసారి మార్కండేయ కథను హాస్యంగానే ఆడించండి. యముడికి పొడుగాటి పాశంతో పాటు ఒక టేపు కూడా ఇవ్వండి. లింగానికీ బాలుడికీ మధ్య ఆరడుగులు కొలిచి చూసుకొని, చిత్రగుప్తుడి చేత చిట్టాలో రాయించమనండి. చివరి రంగంలో బాలుడు ఆ టేపు దాటి వెళ్ళి లింగాన్ని పట్టుకోవాలి. ఆ వేషానికి పిల్లలెవరైనా పనికివస్తారు. యముడికి మాత్రం మంచి గొంతున్న పెద్దమనిషిని చూడండి. దాజీ పేట్ లో అటువంటివారికి కొదవ లేదు.