చేప పిల్ల రైలెక్కి వచ్చిన రోజులు: పెరట్లో గుంట తవ్వే ముందు ఒక మాట

బోరు పక్కన చిన్న గుంట తవ్వి చేపలు వేద్దామనుకుంటున్నామని ఈ మధ్య ముగ్గురు నలుగురు నన్ను అడిగారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "ఒకసారి పిల్ల వేస్తే చాలు కదా అన్నా, అవే గుడ్లు పెట్టి పెరుగుతాయి కదా?" అని. పెరగవు తమ్ముడూ. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మనం పెంచే బొచ్చె, శీలావతి (తెలంగాణలో రవ్వ అంటారు), ఎర్రమోసు, ఈ మూడూ ఏటి చేపలు. వానాకాలంలో వరద పొంగి ఒడ్డు పక్క పల్లాలు మునిగినప్పుడు అక్కడికి చేరి గుడ్లు వదులుతాయి. చెరువులో వేస్తే బాగానే ఒళ్లు చేస్తాయి, కడుపులో గుడ్లు కూడా నిండుతాయి. కానీ నిలవ నీళ్లలో గుడ్డు వదలవు. బంగారుతీగ ఒక్కటే వేరు, అది నిలవ నీళ్లలోనూ పెడుతుంది. అది మన దేశపు చేప కాదు, బయట నుంచి తెచ్చింది.

మరి మన తాతల కాలంలో పిల్ల ఎక్కడిది? ఏటిదే. బెంగాల్లో వరద రోజుల్లో గంగ ఒడ్డున సన్నకన్ను వలలు కట్టి, కొట్టుకొచ్చే గుడ్లనీ పిల్లనీ పట్టేవాళ్లు. మట్టికుండల్లో పోసి రైలెక్కించి దూర దేశాలకు పంపేవాళ్లు. కుండల వెంట మనిషి కూర్చుని నీళ్లు కదుపుతూ, స్టేషన్లలో నీళ్లు మారుస్తూ రావాలి. ఆక్సిజన్ కవర్లు అప్పుడెక్కడివి? దారిలోనే చాలా పిల్ల చచ్చేది. బతికింది కూడా ఏ జాతో తెలియదు. ఏట్లో పట్టిన పిల్లలో బొచ్చెతో పాటు జెల్ల, వాలుగ, పనికిరాని పరక అన్నీ కలిసే ఉంటాయి. ఆ వయసులో అన్నీ ఒకేలా కనపడతాయి. చెరువులో పోసిన రైతుకు ఆరు నెలలకు వల లాగితే గానీ సంగతి తెలిసేది కాదు.

దీన్ని మార్చింది హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త. చేప తలలో మెదడు కింద పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంటుంది. గుడ్డు వదలమని ఒంటికి కబురు పంపేది అదే. ఒక చేప నుంచి ఆ గ్రంథి తీసి, నూరి, ఆ రసాన్ని గుడ్లతో ఉన్న తల్లి చేపకు ఇంజెక్షన్ చేస్తే వరద లేకపోయినా గుడ్లు వదులుతుంది. బ్రెజిల్ వాళ్లు 1930ల్లోనే వాళ్ల చేపల మీద ఇది చేశారు. మన కార్పు చేపల మీద ఒడిశాలోని అంగుల్‌లో 1957 జులై 10న పని జరిగింది. అందుకే జులై 10ని జాతీయ చేపల రైతుల దినంగా జరుపుతున్నారు. మన ఊళ్లలో ఎవరికీ తెలియదు గానీ, కొల్లేరు చుట్టుపక్కల ఈనాడు కనపడే చెరువులన్నిటికీ మూలం అదే. ఏటి పిల్ల మీద ఆధారపడితే అన్ని చెరువులు నిండేవి కావు. ఇప్పుడు గ్రంథి తీసే పని కూడా తగ్గింది, హేచరీల్లో రెడీమేడ్ మందు వాడుతున్నారు.

ఇదంతా చదివి కూడా నేను మొదటి ఏడు తప్పే చేశాను. మా గుంట పది సెంట్లు. కాలవ నీళ్లు జాలీ కట్టకుండా పెట్టాను, అడుగు ఎండగట్టలేదు. చవగ్గా వచ్చిందని అంగుళం కూడా లేని పిల్ల వేలల్లో తెచ్చి పోశాను. ఎండాకాలం వల లాగితే బొచ్చె, శీలావతి కలిపి పదిహేడు. నాలుగు కొరమేనులు మాత్రం నా ముంజేయంత ఉన్నాయి. వాటిని నేనే డబ్బులిచ్చి మేపానని మా ఇంటావిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

కాబట్టి కొత్తవాళ్లు ముందు గుంటను ఎండగట్టండి. నీళ్లు తీయడం కుదరకపోతే ఇప్పచెక్క చల్లాలి. పది సెంట్లలో అయిదడుగుల నీళ్లుంటే నూట యాభై కిలోల దాకా పడుతుంది. రెండు మూడు వారాలకు విషం విరుగుతుంది, తర్వాతే పిల్ల. ఎండగట్టిన గుంటకైతే ఎనిమిది పది కిలోల సున్నం, కాస్త పశువుల ఎరువు వేసి నీళ్లు పెట్టండి. నీళ్లు లేత ఆకుపచ్చకు తిరిగితే మేత తయారైనట్టు. నీళ్లు వచ్చే తూముకు సన్న జాలీ తప్పనిసరి.

పిల్ల ఎకరానికి రెండు వేల లెక్క, అంటే పది సెంట్లకు రెండొందలే. ఆశపడి వెయ్యి వేయొద్దు. మబ్బు పట్టిన రోజు తెల్లవారుజామున నీళ్లలో గాలి చాలక పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, కళ్లముందే పోతాయి. బొచ్చె పై నీళ్లలో, శీలావతి నడుమ, ఎర్రమోసు అడుగున మేస్తాయి. అందుకని ఎనభై, అరవై, అరవై వేస్తే ఒకదాని మేత ఒకటి లాక్కోదు. పిల్ల మాత్రం వేలెడు పొడవుండాలి, ధర ఎక్కువైనా సరే. మేతకు తవుడు, వేరుశనగ చెక్క సగం సగం చాలు.

తెచ్చిన కవర్ని అరగంట గుంట నీళ్లలో తేలనిచ్చి, కొంచెం కొంచెంగా గుంట నీళ్లు కలిపి, చల్లపూట వదలండి. వానలు పడ్డాక నేనూ ఈ ఏటి పిల్ల తెస్తున్నాను. రెండొందల పిల్ల కోసం ఒక్కరు బండి కట్టుకుంటే గిట్టదు. మన చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కావాలంటే ముందే చెప్పండి, కిరాయి పంచుకుందాం.