మూకీ హాస్యచిత్రాల్లో సాహస విన్యాసాలు

మాటలు లేని సినిమాలో నటుడి ఒళ్లే నవ్వు పుట్టించాలి. 1895లో లూమియేర్ సోదరులు ప్రదర్శించిన తొలి చిత్రాల్లోనే దీనికి నాంది పడింది. ఒక కుర్రాడు తోటమాలి నీళ్ల గొట్టాన్ని తొక్కిపెడతాడు. నీళ్లెందుకు ఆగాయా అని తోటమాలి గొట్టంలోకి తొంగిచూడగానే కాలు తీసేస్తాడు. ఆ తర్వాత అమెరికాలో మాక్ సెనెట్ 1912లో స్థాపించిన కీస్టోన్ సంస్థ పరుగులు, పల్టీలు, గుద్దులాటలతో చిన్న చిత్రాలను వరసగా తీసింది. చార్లీ చాప్లిన్ 1914లో అక్కడే తొలిసారి తెరమీదికి వచ్చాడు.

ఆ కాలపు మరో హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ 1919లో ఒక పేలుడు ప్రమాదంలో కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోగొట్టుకున్నాడు. నాలుగేళ్లకే ‘సేఫ్టీ లాస్ట్’ (1923)లో గడియారం ముల్లు పట్టుకుని వేలాడాడు. భవనాల పైకప్పులమీద గోడల సెట్లు కట్టి, అడుగున నిజమైన వీధి కనిపించేలా కెమెరా పెట్టారు. కింద పరుపులు పరిచారు. దూరం నుంచి తీసిన, భవనం ఎక్కే దృశ్యాల్లో బిల్ స్ట్రదర్ వంటి వేరేవాళ్లు ఉన్నారు. అయినా లాయిడ్ పడ్డ కష్టం తక్కువది కాదు.

అందరికన్నా ఒక మెట్టు పైన నిలబడేవాడు బస్టర్ కీటన్ (1895–1966). పసితనంలోనే అమ్మానాన్నలతో వాడెవిల్ అనే వినోద ప్రదర్శనల వేదికలెక్కాడు. తండ్రి ఎత్తి విసిరేస్తుంటే దెబ్బ తగలకుండా పడటం నేర్చాడు. ‘షెర్లాక్ జూనియర్’ (1924) తీస్తుండగా రైల్వే నీళ్ల ట్యాంకు ధార ఆయన్ను పట్టాలమీద పడేసింది. మెడ ఎముక విరిగిందన్న సంగతి ఏళ్ల తర్వాత ఎక్స్‌రేలోగాని బయటపడలేదు. ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ (1928)లో తుపానుకు ఒక ఇంటి ముందుగోడ మొత్తంగా ఆయన మీద కూలుతుంది. గోడ బరువు దాదాపు రెండు టన్నులు. పై అంతస్తు కిటికీ సందు సరిగ్గా ఆయన నిలబడ్డచోట పడటంతో బతికి బయటపడతాడు. భుజాలకూ చట్రానికీ మధ్య ఎడం కొద్ది అంగుళాలే. దీన్ని ముక్కలుగా కోయకుండా ఒకే షాట్‌లో చూపించడమే కీటన్ గొప్పతనం. మోసం లేదని ప్రేక్షకుడికి తెలిసినప్పుడే నవ్వూ భయమూ కలిసి వస్తాయి.

1927 తర్వాత మాటలున్న సినిమాలు, అంటే టాకీలు, వచ్చాయి. మైకు కోసం నటుడు ఒకచోట నిలవాల్సి వచ్చింది. 1928లో కీటన్ చేరిన ఎం.జి.ఎం. స్టూడియో ఆయన సాహసాలకు అడ్డు చెప్పింది. ఆ విద్య మాత్రం చచ్చిపోలేదు. తర్వాతి తరం నటుడు జాకీ చాన్ ‘ప్రాజెక్ట్ ఎ’ (1983)లో గడియార గోపురం నుంచి పడ్డది లాయిడ్‌ను తలచుకునే. పైన చెప్పిన మూకీలకు అమెరికాలో కాపీహక్కులు తీరిపోయాయి కాబట్టి అక్కడ ఎవరైనా వాటిని స్వేచ్ఛగా ప్రదర్శించవచ్చు.