డీడీ కమాండ్ కథ: ఐఎస్ఓ ఫైల్ పెన్‌డ్రైవ్‌లోకి ఎలా ఎక్కింది?

పాత లాప్‌టాప్‌కి లినక్స్ వేయాలంటే మనలో చాలామంది చేసేది ఒకటే. ఐఎస్ఓ ఫైల్ డౌన్‌లోడ్ చేయడం, టెర్మినల్ తెరవడం, డీడీ అనే కమాండ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం. ఒక్క లైను, కొన్ని నిమిషాల పని. కానీ ఆ లైను వెనక యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలిస్తే కమాండ్‌ని బట్టీ పట్టక్కర్లేదు. ప్రమాదం ఎక్కడుందో కూడా తెలుస్తుంది.

ముందు డీడీ సంగతి. అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్ల యూనిక్స్ ఐదో ఎడిషన్‌లో, 1974లో ఇది వచ్చింది. అప్పటికి పెన్‌డ్రైవ్ లేదు, సీడీ కూడా లేదు. పెద్ద పెద్ద ఐబీఎం మెషీన్లదే రాజ్యం. వాటి టేపుల్లో అక్షరాలు ఎబ్సిడిక్ అనే కోడ్‌లో ఉండేవి, యూనిక్స్‌లో మాత్రం ఆస్కీ కోడ్. అంటే ఒకరి టేపు ఇంకొకరికి అర్థం కాదు. అలాంటి టేపుల్ని చదవడానికి, ఒక కోడ్ నుంచి ఇంకో కోడ్‌లోకి మార్చడానికి డీడీ పనికొచ్చేది. ఆ పేరు కూడా ఐబీఎం జాబ్ కంట్రోల్ లాంగ్వేజ్‌లోని డీడీ స్టేట్‌మెంట్ నుంచి వచ్చిందే. అందుకే మిగతా కమాండ్లకు గీత పెట్టి ఆప్షన్లు రాస్తాం, దీనికి మాత్రం "ఐఎఫ్=", "ఓఎఫ్=" అని రాస్తాం. ఐఎఫ్ అంటే ఎక్కడి నుంచి చదవాలి, ఓఎఫ్ అంటే ఎక్కడ రాయాలి. అంతే.

డీడీ గుణం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అది ఫైళ్లు, ఫోల్డర్లు చూడదు. మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఉన్నది ఉన్నట్టు దించేస్తుంది. ఎదుట ఏముందో అడగదు.

ఇక ఐఎస్ఓ. 1985లో కంప్యూటర్ కంపెనీల వాళ్లు టాహో సరస్సు దగ్గర హై సియెర్రా అనే హోటల్లో కూర్చుని, సీడీలో ఫైళ్లు ఏ వరసలో ఉండాలో మాట్లాడుకున్నారు. దాని మీదే 1988లో ఐఎస్ఓ 9660 అనే ప్రమాణం వచ్చింది. మన ఫైల్ చివర కనిపించే ఐఎస్ఓ ఇదే. ఇందులో ఒక సెక్టార్ 2048 బైట్లు. మొదటి 16 సెక్టార్లు, అంటే 32 కిలోబైట్లు, ఈ ప్రమాణం వాడుకోదు. ఇల్లు కట్టేటప్పుడు ముందు వాకిలి వదిలినట్టు ఆ జాగా అట్లాగే వదిలేశారు.

అప్పట్లో సీడీ పెడితే మెషీన్ లేచేది కాదు. 1.44 ఎంబీ ఫ్లాపీతో లేపి, ఆ తర్వాత సీడీ చదివించాలి. 1995 జనవరిలో ఫీనిక్స్, ఐబీఎం కంపెనీలు కలిసి సీడీ నుంచే బూట్ అయ్యే పద్ధతి రాశాయి. దాని పేరు ఎల్ టొరిటో. అది ఒక మెక్సికన్ రెస్టారెంట్ పేరు. ఆలోచన పుట్టింది అక్కడేనట!

2000లో పెన్‌డ్రైవ్ మార్కెట్లోకొచ్చింది. ఇక్కడ కొత్త చిక్కు. పెన్‌డ్రైవ్‌ని బయాస్ మామూలుగా హార్డ్ డిస్క్‌లాగే చూస్తుంది. మొదటి 512 బైట్లు చదివి, వాటి చివర 55, ఏఏ అనే గుర్తు ఉందా అని చూస్తుంది. ఐఎస్ఓలో ఆ చోటు ఖాళీ కదా! అందుకే ఐఎస్ఓని యథాతథంగా దించితే మెషీన్ లేచేది కాదు. ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి, హెచ్. పీటర్ ఆన్విన్ రాసిన సిస్‌లినక్స్ వేసి, ఫైళ్లు ఒక్కొక్కటి కాపీ చేసుకోవాల్సి వచ్చేది.

2008లో ఆ సిస్‌లినక్స్ ప్రాజెక్టులోనే ఐసోహైబ్రిడ్ వచ్చింది. 1988లో వదిలేసిన వాకిట్లోనే బూట్ కోడ్ పెట్టారు. ఇక అదే ఫైల్ సీడీలో కాల్చినా లేస్తుంది, పెన్‌డ్రైవ్‌కి దించినా లేస్తుంది. టేపుల కాలం నాటి డీడీకి మళ్లీ పని దొరికింది. డెబియన్ ఐఎస్ఓకైతే మామూలు సీపీ కమాండ్ కూడా చాలు. 2011లో ఉబుంటు వాళ్లు పోస్టులో ఉచితంగా సీడీలు పంపడం ఆపేశారు. 2012లో ఉబుంటు 12.10 సైజు 700 ఎంబీ సీడీని దాటిపోయింది. పెన్‌డ్రైవ్ అవసరం ఇంకా పెరిగింది.

విండోస్ ఐఎస్ఓ మాత్రం ఐసోహైబ్రిడ్ కాదు. డీడీతో దించితే మామూలుగా బూట్ అవదు. దానికి డ్రైవ్‌ని ఫార్మాట్ చేసి ఫైళ్లు కాపీ చేసే దారే వేరు.

ఇప్పుడు అసలు మాట. డీడీకి అడిగే అలవాటు లేదని చెప్పుకున్నాం కదా. ఎస్‌డీబీ అని రాయాల్సిన చోట ఎస్‌డీఏ అని రాస్తే, అది పెన్‌డ్రైవ్ వదిలి మీ హార్డ్ డిస్క్ మీద రాసేస్తుంది. రీసైకిల్ బిన్ ఉండదు, వెనక్కి రావడం ఉండదు. కుల ధ్రువపత్రం స్కాన్, ప్రాజెక్టు రిపోర్టు మళ్లీ తెచ్చుకోవచ్చు. కానీ ఊళ్లో అవ్వ పాడిన పాట రికార్డు చేసి పెట్టుకుని ఉంటే, ఆమె ఇప్పుడు లేకపోతే, ఎక్కడి నుంచి తెస్తాం?

అందుకే పెన్‌డ్రైవ్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి చూడండి. కొత్తగా కనిపించిందే మీ డ్రైవ్. సైజు కూడా సరిపోల్చుకోండి. ఎస్‌డీబీ1 అని కాదు, మొత్తం ఎస్‌డీబీకి రాయాలి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి ముందే వేరే చోట దాచుకోండి. దించే ముందు ఎస్‌హెచ్ఏ256 మొత్తం సరిచూడండి, అయ్యాక సింక్ కొట్టి పూర్తయ్యేదాకా డ్రైవ్ పీకకండి.

జూనియర్లకు నేర్పే సీనియర్లకు ఒక మాట: ముందు ఎస్‌డీఏ ఏది, ఎస్‌డీబీ ఏది అని వాళ్ల చేతే చెప్పించండి. కమాండ్ ఆ తర్వాత ఇవ్వండి.