చుక్కల గడిలో తెలుగు అక్షరం: పాశమైలారం ప్యాకింగ్ లైన్ల నేపథ్యంలో ఒక పరిశీలన

1984లో వచ్చిన మెకింటోష్ కంప్యూటర్ కోసం సూసన్ కేర్ చుక్క పక్కన చుక్క పేర్చి ‘షికాగో’ అనే ఫాంటు అక్షరాలను రూపొందించారు. అలాంటి అక్షరాలు నేడు వీడియో గేముల్లో, పోస్టర్లలో పాతకాలపు ముచ్చటగా కనిపిస్తున్నాయి. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని పాశమైలారం వంటి పారిశ్రామికవాడల్లో మాత్రం చుక్కల అక్షరం రోజూ పనిచేస్తూనే ఉంది. పెట్టెలపై బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తరచూ ఆ రూపంలోనే పడతాయి. ఈ చుక్కల గడిలో తెలుగు ఇమడాలంటే గడి ఎత్తునూ, అచ్చయ్యే మాటలనూ కలిపి నిర్ణయించాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

యంత్రం విధించే హద్దు

ఇంక్‌జెట్ కోడింగ్ మెషీన్ సిరాను బిందువులుగా విడగొట్టి, అచ్చుకు కావలసిన వాటికి విద్యుదావేశం ఎక్కిస్తుంది. ఆవేశాన్ని బట్టి బిందువు దారి మళ్లుతుంది. ఆవేశం లేనివి మళ్లీ ట్యాంకులోకి చేరతాయి. బిందువులు నిలువు గీతను కడుతుంటే, బెల్టు మీద కదిలే పెట్టె అక్షరానికి వెడల్పునిస్తుంది. ఎత్తు పెంచితే ఒక్కో నిలువు గీతకు బిందువులు ఎక్కువ కావాలి, బెల్టు నెమ్మదించాలి. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకూ అంకెలకూ ఏడు వరసల ఎత్తు చాలు. తెలుగుకు చాలదు.

అక్షరం అడిగే చోటు

‘పాశమైలారం’ అన్న పేరునే గడిలో గీసి చూద్దాం. ‘మై’లో ఐత్వం సగం అక్షరం పైన, సగం కింద కూర్చుంటుంది. అసలు అక్షరానికి ఏడు వరసలు, పై గుర్తుకు నాలుగు, కింది దానికి నాలుగు, నడుమ ఒక ఖాళీ ఇస్తే పదహారు వరసలవుతాయి. ‘పా’లో దీర్ఘం అక్షరానికి అంటకూడదు. ఆ ఒక్క చుక్క ఖాళీలోకి సిరా పాకితే అది ‘వా’లా కనిపిస్తుంది. అందుకే ఇక్కడ ఖాళీ చుక్కను కూడా నిండు చుక్కంత జాగ్రత్తగా గీయాలి.

మాటల ఎంపిక

తయారీ తేదీ పక్కన ‘ఉత్పత్తి’ అని వేస్తే దాని చివరి అక్షరానికి పైన గుడి, కింద వత్తు రెండూ కావాలి. ‘తయారీ’, ‘గడువు’ అన్న మాటల్లో వత్తులే లేవు. కింది నాలుగు వరసలు మిగిలితే పన్నెండు వరసల్లోనే అవి ఇముడుతాయి. యూనికోడ్ 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చినా, గుణింతాన్నీ వత్తునూ కూర్చే పని ఫాంటుదీ సాఫ్ట్‌వేర్‌దీ. మారని మాటలు రెండే కనుక వాటిని బొమ్మలుగా మెషీన్‌లో ఎక్కిస్తే ఆ చిక్కు కూడా రాదు. తేదీ, అంకెలు ఇప్పటిలాగే పడతాయి.

ముగింపు

2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు వివరాలను హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ముద్రించాలంటాయి. అదనంగా మరో భాష వాడటాన్ని అడ్డుకోవు. కాబట్టి తొలి అడుగు చిన్నదే: పన్నెండు వరసల్లో రెండు మాటలు చక్కగా గీసి, నడుస్తున్న బెల్టు మీద అచ్చు వేసి, కొనేవాళ్లతో చదివించి చూడాలి. ఏ అంకెలు గడువువో, ఏ అంకెలు తయారీవో తెలుగు మాత్రమే చదవగలిగే మనిషికి తెలియడం ఆరోగ్యానికి సంబంధించిన విషయం. అక్షర రూపకర్తలు ఈ పనిని అలంకారం కన్నా ముందు చేపట్టాలి.