నాలుగో జాము మెలకువ



తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోందని, మళ్లీ కన్ను మూతపడడం లేదని చెప్పేవాళ్లు మన పల్లెల్లో చాలామంది ఉన్నారు. వయసు మళ్లినవాళ్లు మరీ ఎక్కువ. ఈ మాటలో 'మూడింటికే' అన్నచోట ఆ 'కే' ఉంది చూశారూ, బాధంతా అందులోనే ఉంది. మన ముత్తవ్వలు కూడా ఆ వేళకే లేచేవారు. అయితే వాళ్లు దాన్ని నాలుగో జాము అనేవారు. ఆ జాముకు ఒక పని ఉండేది.

రాత్రికి నాలుగు జాములు. జాము అంటే ఏడున్నర గడియలు, అంటే మూడు గంటలు. ఆరింటికి పొద్దుగూకితే, మూడింటికి నాలుగో జాము మొదలవుతుంది. తొలికోడి, మలికోడి, వేగుచుక్క - ఇవే దాని గుర్తులు. కోడిని నమ్ముకున్నారని నవ్వనక్కర్లేదు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు కోళ్లను రోజంతా ఒకే మసక వెలుతురులో ఉంచి చూశారు. వెలుగు మారకపోయినా అవి వేళకే కూశాయి. కోడి లోపలే గడియారం ఉందని 2013లో ప్రకటించారు. గుంపులో పెద్ద పుంజు ముందు కూస్తుందని, మిగతావి వరుసగా అందుకుంటాయని 2015లో చెప్పారు. తొలికోడి, మలికోడి అన్న మాటలు మనవాళ్లు ఊరికే పెట్టలేదన్నమాట!

ఇక విరూర్ వైపు వద్దాం. ఈ ఊరున్న రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఆ ఏడు నాందేడ్ జిల్లాకు, 1959లో చాందా జిల్లాకు మారింది. కాగితం మీద గీత జరిగింది గాని, ఇంట్లో రాయి జరగలేదు. తెలుగువాళ్ల ఇంట్లో ఇసుర్రాయి, మరాఠీవాళ్ల ఇంట్లో జాతే. రెండూ ఒకటే. పొద్దెక్కేసరికి చేను చేరాలంటే, ఆ పూట రొట్టెలకు కావలసిన జొన్నపిండి చీకట్లోనే విసురుకోవాలి. చేతిరాయి పని నెమ్మది. అందుకే ఆడవాళ్లు నాలుగో జామున లేచేవారు.

నిద్ర ఆపుకోడానికి, చేతులకు ఊపు రావడానికి పాట వచ్చింది. మరాఠీలో వీటిని ఓవీలంటారు. హేమా రాయిర్కర్, గీ పోయిత్వాఁ అనే పరిశోధకులు మహారాష్ట్ర పల్లెల్లో తిరిగి ఈ పాటలను లక్షకు పైగా సేకరించారు. అత్తింటి కష్టాలు, పుట్టింటి మీద బెంగ, పగలు నోరు విప్పి చెప్పలేనివెన్నో ఆ చీకట్లో పాటలయ్యాయి. అలాగని ఆ మెలకువను తీపి చేసి చెప్పడం నాకిష్టం లేదు. అందులో సగం చాలీచాలని నిద్రే.

తర్వాత పిండి గిర్నీలు వచ్చాయి. నిమిషాల్లో జొన్నలు పిండయ్యాయి. చేతులకు సుఖం దొరికింది. పాట ఆగింది. ఒంటికి మాత్రం గిర్నీ వచ్చిన సంగతి తెలియదు కదా!

గంటల లెక్క కూడా మారింది. కాజీపేట - బల్హార్షా లైను 1929లో పూర్తయి, మద్రాసుకు, ఢిల్లీకి నేరుగా దారి ఏర్పడింది. ఆ దారి మీదిదే విరూర్. ఊరి పేరుకే 'స్టేషన్' తోడైంది. బండి నడిచేది భారత ప్రామాణిక కాలం మీద. అది అమల్లోకి వచ్చింది 1906 జనవరి 1న. ఆ కాలానికి ఆధారం తూర్పున ఉన్న రేఖ కాబట్టి, విరూర్‌లో పొద్దు గడియారం కంటే సుమారు 12 నిమిషాలు వెనక నడుస్తుంది. గడియారం చూసి 'మూడే అయింది' అని దిగులుపడడం ఈ కాలపు అలవాటే.

అమెరికా చరిత్రకారుడు రోజర్ ఎకిర్చ్ 2001లో ఒక సంగతి రాశాడు. పాత ఐరోపాలో జనం రాత్రిని రెండు నిద్రలుగా పడుకునేవారట, నడుమ కాసేపు మేలుకునేవారట. అది అన్నిచోట్లా నిజం కాదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో కరెంటు లేని మూడు తెగల నిద్రను కొలిచి 2015లో ప్రచురించారు. వాళ్లది ఒకే నిద్ర. పొద్దుగూకాక మూడు గంటలకు పడుకుని, ఎక్కువ రోజులు పొద్దు పొడవకముందే లేచేవారు. మన నాలుగో జాము మెలకువ దీనికే దగ్గరగా కనిపిస్తుంది నాకు.

వయసు మీదపడితే ఒంట్లోని గడియారం ముందుకు జరుగుతుంది. ఎనిమిదింటికే కునుకు, మూడింటికే మెలకువ. లెక్కపెట్టండి, ఏడు గంటలు నిద్రపోయినట్టే! దానికి బిళ్లలు కొని మింగడమెందుకు?

అయితే మెలకువలన్నీ ఒకటి కావు. ఉద్యోగపర్వంలో ప్రజాగర పర్వం అని ఒక భాగముంది. రాత్రి నిద్రపట్టని ధృతరాష్ట్రుడు విదురుణ్ణి పిలిపిస్తాడు. బలవంతుడి చేత చిక్కినవాడికి, ఉన్నది పోగొట్టుకున్నవాడికి నిద్ర రాదంటాడు విదురుడు. అప్పు తీరని పత్తిరైతుకు ఈ మాట విడమరిచి చెప్పాలా? మాక్స్ హామిల్టన్ అనే వైద్యుడు 1960లో మనోవ్యాకులతను కొలిచే పట్టిక రాసినప్పుడు, వేళకు ముందే లేచి మళ్లీ నిద్రపట్టకపోవడాన్ని అందులో విడిగా చేర్చాడు. మెలకువతో పాటు దిగులు, ఆకలి లేకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం వారాల తరబడి ఉంటే అది వయసు పని కాదు. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇంట్లోవాళ్లు వెంట వెళ్తే మరీ మంచిది. వెళ్లినప్పుడు ఎన్నింటికి లేస్తున్నారో చెప్పి ఊరుకోకండి, ఎన్నింటికి పడుకుంటున్నారో, లేచాక మనసులో ఏం మెదులుతోందో కూడా చెప్పండి.