ఆటోమేటిక్ ట్రక్కుల్లో గేరు తగ్గించి వేగాన్ని అదుపు చేయడం

ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న ట్రక్కు కొండ దిగేటప్పుడు, గేర్‌బాక్సు తనంతట తాను ఎంచుకునే గేరును కాదని డ్రైవరే మీటతోనో బటనుతోనో కింది గేరు వేసి, ఇంజను ప్రతిఘటనతో బండి వేగాన్ని పట్టి ఉంచే పద్ధతి ఇది. బండిని పూర్తిగా ఆపడానికి పనికిరాదు. బ్రేకులను చల్లగా ఉంచి, అవసరం పడ్డప్పుడు పట్టేలా కాపాడటమే దీని ప్రయోజనం. ఆటోమేటిక్ ట్రక్కులు ముందుగా విస్తరించిన అమెరికాలోనే దీని మీద నిబంధనలు, శిక్షణ, వాదోపవాదాలు ఎక్కువగా పెరిగాయి.

అవసరం

40 టన్నుల బండి 6 శాతం వాలులో గంటకు 40 కి.మీ. నిలకడ వేగంతో దిగుతోందనుకుందాం. కొండ దాన్ని కిందికి తోసే శక్తి సుమారు 260 కిలోవాట్లు, అంటే దాదాపు 350 హార్స్‌పవర్. టైర్ల రాపిడి, గాలి నిరోధం కలిసి అందులో పదో వంతు చుట్టుపక్కల మింగుతాయి. మిగిలినదంతా వేడిగా మారి ఎక్కడో ఒకచోట పోవాలి. బ్రేకులనే నమ్ముకుంటే అది డ్రమ్ముల్లోకి చేరుతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి లైనరుకు దూరం జరుగుతుంది. ఎయిర్ బ్రేకుల్లో పుష్‌రాడ్ మరింత దూరం కదిలితేగానీ లైనరు డ్రమ్మును అందుకోదు. లైనరు పట్టు కూడా వేడికి సడలుతుంది. పెడలు ఎంత తొక్కినా బండి ఆగని స్థితి అలా వస్తుంది. కాలిన లైనరు వాసన వచ్చేసరికే చాలాసార్లు ఆలస్యమై ఉంటుంది.

పనిచేసే తీరు

మాన్యువల్ బండిలో క్లచ్ వదిలాక చక్రాలకూ ఇంజనుకూ మధ్య ఇనుప గొలుసు లాంటి బంధం ఉంటుంది. ఆటోమేటిక్‌లో ఆ బంధం రెండు చోట్ల సడలవచ్చు. మొదటిది టార్క్ కన్వర్టర్. అందులో శక్తి నూనె ద్వారా సాగుతుంది కాబట్టి, లాకప్ క్లచ్ పట్టుకోనంతవరకు చక్రాల తోపు ఇంజనుకు పూర్తిగా చేరదు.

రెండోది గేర్‌బాక్సు లోపలి ఏకదిశా క్లచ్. దీని గురించి డ్రైవర్ల మాన్యువళ్లు సాధారణంగా చెప్పవు. 1964లో వచ్చిన జనరల్ మోటార్స్ టర్బో హైడ్రామాటిక్ 400 ఇందుకు మంచి ఉదాహరణ. మీట డ్రైవ్ స్థానంలో ఉండి బండి మొదటి గేరులో కదులుతున్నప్పుడు లోపలి గేర్లను ఆపి ఉంచేది ఒక రోలర్ క్లచ్. అది ఒక దిశలోనే పట్టుకుంటుంది. చక్రాలు ఇంజనును తోయడం మొదలుపెట్టగానే వదిలేస్తుంది, బండి స్వేచ్ఛగా దొర్లుతుంది. డ్రైవరు మీటను లో స్థానానికి దించితే వెనక బ్యాండు డ్రమ్మును బిగించి, రెండో దిశలో కూడా పట్టు ఇస్తుంది. రెండో గేరు సంగతీ అంతే: డ్రైవ్‌లో స్ప్రాగ్ క్లచ్ ఒక్కటే ఆధారం, చేత్తో వేసినప్పుడు ముందు బ్యాండు తోడవుతుంది. డ్రైవ్‌లో దానంతటదే పడిన రెండో గేరు, చేత్తో వేసిన రెండో గేరు ఒకటే అనుకోవడం ఈ తరం బండ్ల విషయంలో పొరపాటు. ఎలక్ట్రానిక్ నియంత్రణ వచ్చాక నిర్మాణాలు మారాయి; అన్ని గేర్‌బాక్సులకూ ఈ వివరణ వర్తించదు.

ఇంజను వైపు చూస్తే, పెట్రోలు ఇంజనులో థ్రాటిల్ మూసుకున్నప్పుడు ఇన్‌టేక్‌లో ఏర్పడే శూన్యం మీద పిస్టన్లు శ్రమించాలి, ఆ శ్రమే బ్రేకు. సాధారణ డీజిల్ ఇంజనులో అలాంటి అడ్డు లేదు. అది నొక్కిన గాలి తిరిగి విస్తరిస్తూ పిస్టన్‌కు శక్తిని వాపసు ఇచ్చేస్తుంది. కాబట్టి డీజిల్ ట్రక్కులో గేరు తగ్గించడం ఒక్కటే సరిపోదు. ఎగ్జాస్ట్ దారిని మూసే ఎగ్జాస్ట్ బ్రేకో, నొక్కిన గాలిని విస్తరించకముందే బయటికి వదిలే కంప్రెషన్ బ్రేకో తోడుండాలి. ఇవి కూడా ఇంజను ఎక్కువ వేగంతో తిరుగుతున్నప్పుడే గట్టిగా పనిచేస్తాయి. ఆ వేగాన్ని ఇచ్చేది కింది గేరే.

చరిత్ర

భారీ ఎత్తున తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్‌గా హైడ్రామాటిక్‌ను చెప్పడం పరిపాటి. దాని తేదీ కొన్నిచోట్ల 1939 అనీ, మరికొన్నిచోట్ల 1940 అనీ ఉంటుంది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్ కోసం 1939లోనే వచ్చింది కనుక రెంటిలోనూ తప్పు లేదు. దానికి లో స్థానం మొదటినుంచీ ఉంది. 1950ల తొలి ఏళ్లలో అమెరికా సైన్యం వాడిన రెండున్నర టన్నుల జీఎంసీ ట్రక్కులకూ హైడ్రామాటిక్ అమర్చారు.

ఆ పాత మీట వరుసలో లో పక్కనే రివర్సు ఉండేది. దిగుడులో లో వేయబోయి చెయ్యి ఒక మెట్టు జారితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. 1968 నుంచి అమల్లోకి వచ్చిన ఫెడరల్ మోటారు వాహన భద్రతా ప్రమాణం 102, ముందుకు నడిపే స్థానాలకూ రివర్సుకూ మధ్య న్యూట్రల్ ఉండాలని నిర్దేశించింది. గంటకు 40 కి.మీ. లోపు వేగంలో, అన్నిటికంటే పై గేరు కంటే ఎక్కువ ఇంజను బ్రేకింగ్ ఇచ్చే స్థానం కనీసం ఒకటి ఉండాలన్నది అదే ప్రమాణంలోని మరో షరతు. ఆటోమేటిక్ మీట మీద నేటికీ ఎల్ అనే అక్షరమో, దానికి సమానమైన మరో ఏర్పాటో కనిపించడానికి ఈ షరతు ఒక కారణం కావచ్చు.

కంప్రెషన్ బ్రేకు కథ దాన్ని కనిపెట్టిన డీజిల్ ఇంజన్ల తయారీదారు క్లెస్సీ కమిన్స్‌తో ముడిపడి ఉంది. 1931లో డీజిల్ ట్రక్కు మీద అమెరికాను అడ్డంగా దాటుతూ కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగేటప్పుడు బ్రేకులు పట్టలేదనీ, కింద రైలు గేటు దగ్గర వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడనీ ప్రచారంలో ఉన్న కథనం. రైలు ఎంత దగ్గరగా వెళ్లిందన్నది చెప్పేవారిని బట్టి మారుతుంది. పరికరం తయారీ మాత్రం 1961లో జేకబ్స్ సంస్థ చేతిలో మొదలైంది. పేటెంటు 1965లో మంజూరైంది. ఈ బ్రేకు పుట్టిన సంవత్సరాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పడానికి మూలం ఇదే. తయారీ తేదీని తీసుకోవడమే సబబుగా తోస్తుంది.

పికప్ ట్రక్కుల్లో, 2001 మోడల్ జనరల్ మోటార్స్ బండ్లకు వేసిన అలిసన్ 1000 గేర్‌బాక్సుతో, డ్రైవరు బ్రేకు తాకితే తనంతట తానే గేరు తగ్గించే టో-హాల్ పద్ధతి బాగా ప్రచారం పొందింది.

నడిపే పద్ధతి

అమెరికా వాణిజ్య డ్రైవర్ల శిక్షణ పుస్తకం ప్రకారం, దిగుడు మొదలవకముందే గేరు తగ్గించాలి. వేగం పెరిగాక ఆటోమేటిక్‌ను బలవంతంగా కింది గేరులోకి నెడితే గేర్‌బాక్సు పాడవడమే కాదు, ఇంజను బ్రేకింగ్ మొత్తం పోవచ్చు. గేరు వేశాక బ్రేకు అనుబంధమే: నిర్ణయించుకున్న వేగాన్ని అందుకోగానే బండి నెమ్మదిస్తున్నట్టు స్పష్టంగా తెలిసేంత తొక్కి, గంటకు 5 మైళ్లు తగ్గాక వదిలేయాలి. ఇది ఒక్కోసారీ సుమారు 3 సెకన్ల పని.

ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల సూత్రం. అదే పుస్తకం దాన్ని పాత ట్రక్కులకే పరిమితం చేస్తుంది. కొత్త ఇంజన్లు బలమైనవి కావడంతో పెద్ద గేరులోనే కొండ ఎక్కేస్తాయి. రాపిడి, గాలి నిరోధం తగ్గడంతో దిగేటప్పుడు ఆపేదీ తక్కువే. కాబట్టి ఎక్కిన దానికంటే కింది గేరు వేయాలన్నదే నేటి మాట, నమ్మదగ్గదీ అదే.

ఎలక్ట్రానిక్ గేర్‌బాక్సులు అడ్డగోలు ఆదేశాన్ని పాటించవు. అలిసన్‌లో కింది బాణం నొక్కినా, వేగం సురక్షిత స్థాయికి దిగేదాకా గేరు పడదు. ఇంజను వేగం హద్దు మీరితే, ఎంచుకున్న గేరును కాదని పైగేరుకు మారిపోతుంది కూడా. గేర్‌బాక్సు గేరును పట్టి ఉంచుతుందని బ్రేకు మరిచిపోయే డ్రైవరుకు ఇది ప్రమాదమే.

తడి రోడ్డు మీద, మంచు మీద చిక్కు మరో రకం. ఇంజను బ్రేకింగ్ నడిపించే చక్రాల మీదే పడుతుంది. అవి జారితే ట్రైలరు మడతపడవచ్చు. గేరు తగ్గించినంత మాత్రాన వెనక బ్రేకు లైట్లు వెలగవని కూడా గుర్తుంచుకోవాలి.

అరుగుదల వివాదం

లైనర్లు చవక, గేర్‌బాక్సు ఖరీదు, అందుచేత బ్రేకులే వాడాలని కొందరు మెకానిక్కులు అంటారు. సమతల రోడ్డు మీద, సిగ్నలు ముందు ఆగడానికి ఆ మాట చెల్లుతుంది. పొడవాటి దిగుడులో చెల్లదు. అక్కడ లెక్క లైనర్ల ధరతో తేలేది కాదు. అయితే గేరు తగ్గించి దిగినప్పుడు గేర్‌బాక్సు నూనె వేడెక్కవచ్చు కాబట్టి దాని ఉష్ణోగ్రత మీద కన్ను వేయాలి.

భారతదేశంలో

ఇక్కడి లారీల్లో మాన్యువల్ గేర్‌బాక్సులే ఎక్కువ. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల తయారీ సంస్థ అలిసన్‌కు చెన్నై దగ్గర ఒరగడంలో కర్మాగారం ఉంది. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లోని 100 టన్నుల తరగతి డంపర్లు లోడుతో పైకెక్కి ఖాళీగా దిగుతాయి కనుక, లోడుతో దిగడంతో పోలిస్తే వాటి దిగుడు భారం తక్కువ.

డీజిల్ ఆదా అవుతుందని ఘాట్‌లో న్యూట్రల్‌లో వదిలే అలవాటు మన లారీ డ్రైవర్లలో పాతదే. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉన్న ఇంజన్లలో ఆ ఆదా కూడా లేదు. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలి దిగేటప్పుడు ఇంజెక్టర్లు డీజిల్ ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఇంజను ఆగకుండా తిరగాలంటే డీజిల్ పోయక తప్పదు.